సంక్రాంతి కానుక కథలు: మీకు నచ్చినవి ఇక్కడ చెప్పండి (రాసినవాళ్ల పేర్లు ఊహించొద్దు!)

సాగర్‌గాలి (అడ్మిన్) | జనవరి 15, ఉదయం 7:52
ఒకరి కోరిక మీద ఇంకొకరు పేరు చెప్పకుండా రాసిచ్చిన కానుక కథలన్నీ భోగి పొద్దున ఓపెన్ చేశాం, చూసే ఉంటారు. చదివినవాటిలో మనసుకు పట్టినవి ఇక్కడ చెప్పండి. "సూపర్", "కేక" అని వదిలేయకండి, ఏం నచ్చిందో ఒక్క ముక్కైనా రాయండి. రాసినవాళ్ల పేర్లు 26న బయటపెడతాం. అప్పటిదాకా "ఇది ఫలానా వాళ్ల చెయ్యే" అనే మాటలు వద్దు, పోయినసారి గొడవంతా దాంతోనే వచ్చింది. ఇంకొకటి. కొన్ని కథల కింద ఇప్పటికీ ఒక్క కామెంట్ లేదు. అందరూ పండగ పనుల్లో ఉన్నారని తెలుసు, కానీ రాసినవాళ్లు గంటకోసారి ఫోన్ తీసి చూసుకుంటుంటారు పాపం.

పాలమూరుబస్సు | జనవరి 15, ఉదయం 8:35
బోణీ నాదే. బేతాళుడు పిల్లలమర్రి మీదికి వచ్చిన కథ చదివారా లేదా? చదవకపోతే ఈ చర్చ ఇక్కడే ఆపి ముందు అది చదివి రండి.

కోరిక ఏందంటే "విక్రమార్కుడు, బేతాళుడు, మన ఊరు" అంతే. ఇంకొకరైతే మోదుగచెట్టో చింతచెట్టో పెట్టి, ఊరి పేరు ఒకచోట తగిలించి పంపేవారు. ఈ రచయిత నేరుగా మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి తీసుకుపోయారు. అదీ ఎప్పుడు? 2018లో, చెట్టుకు సెలైన్ ఎక్కిస్తున్న రోజుల్లో! బయటి ఊళ్లవాళ్ల కోసం చెప్తున్నా: 2017 డిసెంబర్‌లో ఒక పెద్ద కొమ్మ విరిగిపడ్డాక జనాన్ని లోపలికి పంపడం ఆపేశారు. చెదలు లోపలిదాకా తినేశాయని తేలితే, మందును సెలైన్ బాటిళ్లలో కలిపి కొమ్మలకు వేలాడదీసి బొట్లు బొట్లుగా ఎక్కించారు. ఇది కల్పన కాదు, నిజంగా జరిగింది. పేపర్లలో ఫొటోలు కూడా వచ్చాయి.

కథలో విక్రమార్కుడు అర్ధరాత్రి కత్తి పట్టుకొని వస్తాడు. కొమ్మకొమ్మకూ బాటిళ్లు. వాటి మధ్యలో బేతాళుడు తలకిందులుగా వేలాడుతూ అంటాడు: "రాజా, నన్ను తర్వాత దించుదువు గాని. ఆ మూడో బాటిల్ అయిపోవచ్చింది, ముందు దాన్ని మార్చు." రాజు నోరు విప్పకూడదు కదా. సైగలతో "కొత్త బాటిల్ ఎక్కడుంది" అని అడిగే పేరా చదివి బస్సులో పైకే నవ్వాను, పక్క సీటాయన నా ఫోన్‌లోకి తొంగిచూశాడు.

నవ్వించి వదిలేసే కథ మాత్రం కాదు. చివర్లో బేతాళ ప్రశ్న ఉంది: "ఊడలన్నీ దిగి బోదెలయ్యాయి. ఏడు వందల ఏళ్లలో మొదటి బోదె ఏదో ఎవరికీ తెలియకుండా పోయింది. అలాంటప్పుడు మందు ఎక్కించి బతికించింది ఏ చెట్టును?" రాజు చెప్పిన జవాబు నేను చెప్పను. తప్పో ఒప్పో గానీ, ఆ జవాబు వినగానే బేతాళుడు ఎప్పటిలా ఎగిరిపోడు. అదీ కథ.

కొల్లాపూర్‌మామిడి | జనవరి 15, ఉదయం 9:10
ఆ కానుక నాకే వచ్చింది 🙏 మూడెకరాల చెట్టును కథలో పెట్టాలంటే ఎవరికైనా చేతులు వణుకుతాయి. చిన్నప్పుడు స్కూల్ పిక్నిక్‌కు అక్కడికే తీసుకుపోయేవారు, మేం ఊడలు పట్టుకొని ఊగేవాళ్లం. ఇప్పుడు తలచుకుంటే చెట్టు మీద జాలేస్తుంది. జవాబు విషయంలో నాకు రాజుతో పేచీ ఉంది, కానీ కొందరు ఇంకా చదవలేదు కాబట్టి ఆగుతా.

మిల్లుకాలనీ | జనవరి 15, ఉదయం 11:02
ఈసారి కూడా ఊర్మిళ గుంపుగా దిగింది. నిద్రపోయే ఊర్మిళ, నిద్ర నటించే ఊర్మిళ, నిద్రలో లంకకు పోయే ఊర్మిళ, లేచి లక్ష్మణుడిని గుర్తుపట్టని ఊర్మిళ. అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు, రాసేవాళ్లు రాస్తూనే ఉంటారు. నిజంగానే నిద్రపోనివ్వండమ్మా ఆమెను.

డిండివాగు | జనవరి 15, ఉదయం 11:20
@మిల్లుకాలనీ అన్నా, మూడోదాన్ని తీసిపారేయకండి. మిగతావి మీరన్నట్టే.

సూర్యాపేటసుద్దులు | జనవరి 15, మధ్యాహ్నం 1:45
నాది ఒక పొట్టి రికమెండేషన్: మర్యాద రామన్న కిరాయి బైకు తీర్పు. రెండు పేజీలు. అన్నం తింటూ చదవొద్దు, పొలమారుతుంది.

పానగల్లుపిల్ల | జనవరి 15, మధ్యాహ్నం 3:30
నాకు వచ్చిన కానుక గురించి నేనే చెప్పుకోవచ్చా? అడ్మిన్ అక్క కాదనకపోతే రాస్తా.

సాగర్‌గాలి (అడ్మిన్) | జనవరి 15, మధ్యాహ్నం 3:34
అది అడగాలా? రాయి.

పానగల్లుపిల్ల | జనవరి 15, సాయంత్రం 4:20
నేను ఛాయాదేవిని అడిగాను. సూర్యుడి భార్య సంజ్ఞ ఆయన వేడి తట్టుకోలేక, తన నీడను తనలాగే తయారుచేసి ఇంట్లో పెట్టి వెళ్లిపోతుంది కదా, ఆ నీడ. ఆమె గురించి ఎవరూ రాయరు. శని తల్లి అంటారు, యముడిని శపించింది అంటారు, అక్కడితో సరి. "ఆమె వైపు నుంచి ఒక్కసారి చూపించండి" అని మాత్రమే ఫారంలో రాశాను. మా ఊరి ప్రస్తావన ఎక్కడా తేలేదు.

వచ్చిన కథ మా పానగల్లు ఛాయాసోమేశ్వర గుడిలో మొదలైంది! నేను దాదాపు ఏడ్చేశాను. తెలియనివాళ్లకు: నల్లగొండ పక్కనే, కందూరు చోళుల కాలం నాటి త్రికూటాలయం అది. మూడు గర్భగుళ్లలో ఒకదాంట్లో లింగం మీద పగలంతా ఒక నీడ పడుతూనే ఉంటుంది. ఎండ ఎటు మళ్లినా ఆ నీడ మాత్రం చోటు మారదు.

ఇక కథ. సంజ్ఞ తిరిగొచ్చింది. విశ్వకర్మ అల్లుడిని సానపట్టి వేడి తగ్గించాడు. అందరి కథా సుఖంగా ముగిసింది. మరి ఛాయ ఎక్కడికి పోవాలి? నీడకు పుట్టిల్లు ఉండదు కదా. నడుచుకుంటూ నడుచుకుంటూ ఉదయసముద్రం చెరువు కట్ట మీదికి వచ్చి కూర్చుంటుంది. అక్కడి నుంచి గుడిలోకి. "సూర్యుడు ఎటు తిరిగితే అటు తిరగడమే ఇన్నాళ్లూ నా పని. ఇక తిరగను" అంటుంది. అంతే, ఆ నీడ అక్కడే నిలబడిపోతుంది.

కానీ నన్ను పట్టుకున్నది ముగింపు కాదు, మధ్యలో అన్నం పెట్టే ఘట్టం. ఆమె తన బిడ్డలకూ సంజ్ఞ బిడ్డలకూ ఒకేసారి వడ్డిస్తుంటుంది. పక్షపాతం చూపిందని పురాణం ఒక్క మాటలో తేల్చేస్తుంది. ఈ కథలో ఆమె గరిటెను ఎంత జాగ్రత్తగా సమానంగా నింపుతుందో రాశారు. యముడి పళ్లెంలో నెయ్యి ఒక చుక్క తక్కువ పడుతుంది. ఆమె అది గమనిస్తుంది. పిల్లాడూ గమనిస్తాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ తర్వాత అతను కాలెత్తడం, ఆమె శపించడం, "కన్నతల్లి అయితే శపించదు, ఈమె మా అమ్మ కాదు" అని తండ్రి దగ్గరికి పోవడం అన్నీ పురాణంలో ఉన్నట్టే జరుగుతాయి. కానీ ఆ నెయ్యి చుక్క చూశాక ఇద్దరిలో ఎవరి మీదా కోపం రాదు.

ఫిజిక్స్‌సారు | జనవరి 15, సాయంత్రం 6:05
కథ చాలా బాగుంది. అయితే ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ నీడ ఒక్క స్తంభానిది కాదు. వేర్వేరు దిక్కుల నుంచి లోపలికి వచ్చే వెలుతురు బయటి స్తంభాల మీద పడి, వాటి నీడలన్నీ ఒకచోట కలిసేలా కట్టారు. అందుకే పొద్దు ఎటు తిరిగినా అది అక్కడే కనిపిస్తుంది. కథలో "ఒకే ఒక స్తంభం వెనక దాక్కుంది" అని ఒక వాక్యం ఉంది, దాన్ని మారిస్తే బాగుంటుంది.

పానగల్లుపిల్ల | జనవరి 15, సాయంత్రం 6:11
సారూ, ఆమె దేవత. ఎక్కడైనా దాక్కుంటుంది.

ఫిజిక్స్‌సారు | జనవరి 15, సాయంత్రం 6:15
ఒప్పుకున్నా 😄 అయితే నాలుగైదు స్తంభాల వెనక ఒకేసారి దాక్కుంటే ఇంకా గొప్ప కదా అని నా బాధ.

అచ్చంపేటకొత్త | జనవరి 15, రాత్రి 8:40
అందరికీ నమస్తే, కొత్తగా చేరాను. ఒక సందేహం. ఎవరికి ఎవరు రాయాలో ముందే లాట్ వేస్తారా? ఈ పద్ధతి మన గ్రూపువాళ్లే కనిపెట్టారా?

గద్వాలజరీ | జనవరి 15, రాత్రి 9:15
@అచ్చంపేటకొత్త రా తమ్మీ. కనిపెట్టింది మనం కాదు. ఇంగ్లీష్ ఫ్యాన్‌ఫిక్షన్ (ఉన్న కథల్లోని పాత్రలతో అభిమానులు అల్లే కథలు) లోకంలో యూల్‌టైడ్ అని 2003 నుంచి నడుస్తోంది. క్రిస్మస్‌కు కథలు ఇచ్చిపుచ్చుకుంటారు. దాని తమాషా ఏంటంటే, అందరూ రాసే పెద్ద పెద్ద లోకాలకు అందులో చోటు లేదు. ఎవరూ పట్టించుకోని సినిమా, పాత నవల, ఏదో జానపద కథ, అలాంటివే అడగాలి. మనకు నచ్చిన ఆ చిన్న లోకాన్ని ప్రపంచంలో ఇంకొకరు కూడా ప్రేమిస్తున్నారని ఆ రోజు తెలుస్తుంది. కథ కనీసం వెయ్యి పదాలుండాలి. డిసెంబర్ 25న తెరుస్తారు, రాసినవాళ్ల పేర్లు జనవరి 1న చెప్తారు. అన్నీ ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే సైట్‌లో ఉంటాయి. 2009లో అందరికీ తెరిచిన ఆ సైట్‌కు 2019లో హ్యూగో (సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకు ఇచ్చేది) అవార్డు కూడా వచ్చింది.

మనం దాన్నే సంక్రాంతికి మార్చుకున్నాం. లాట్ కాదు, ఫారంలో నువ్వు "ఇవి రాయగలను" అని చెప్పినవాటికీ ఇంకొకరు అడిగినవాటికీ పొత్తు కుదిరితే జత కలుపుతారు. గడువుకు ఎవరైనా చేతులెత్తేస్తే వాళ్ల బదులు ఆ కథ ఇంకొకరు రాస్తారు, వాళ్లను పించ్ హిట్టర్ అంటాం. అడగకపోయినా ఇష్టంతో ఎక్స్‌ట్రాగా రాసేదాన్ని మనం కొసరు అంటాం. నోముల నాడు ఒకింటి వాయనం ఇంకొకింటికి చేరినట్టే ఇక్కడా, ఎవరి చేయీ ఖాళీగా పోదు.

మిల్లుకాలనీ | జనవరి 15, రాత్రి 9:30
పించ్ హిట్టర్ అంటే మాత్రం నాకు క్రికెట్‌లో ముందుగా దిగి బ్యాట్ ఊపేవాడే గుర్తొస్తాడు.

డిండివాగు | జనవరి 15, రాత్రి 10:25
శాంత పాట గురించి ఎవరూ చెప్పలేదే! దశరథుడి కూతురు, ఋష్యశృంగుడి భార్య శాంత. పుస్తకాల్లో ఆమె వచ్చీరాకుండానే మాయమవుతుంది గానీ, మన ఆడవాళ్ల పాటల్లో ఆమెకు చాలా పెద్దరికం ఉంది, ఇంటి ఆడబిడ్డ కదా. కోరిక: "శాంత పండగకు పుట్టింటికి రావాలి." రాసినవాళ్లు దాన్ని వచనంలో కాకుండా ఉయ్యాల పాటగా రాశారు. అన్నదమ్ములు అడవిలో ఉన్న ఏళ్లు. ఆడబిడ్డ బండి దిగితే ఎదురొచ్చేవాళ్లు లేరు. ముగ్గులేని వాకిలి. లోపలికి పోయి తానే ముగ్గుగిన్నె వెతుక్కొని వేస్తుంది. ఆ తర్వాత ఒక్కొక్క గదిలోకి పోతుంది, ఒక్కొక్క గదికీ ఒక చరణం.

నేను ఫోన్ పట్టుకొని మా అమ్మకు చదివి వినిపించాను. సకినాలు చుడుతూ విన్నది. రెండో చరణం కాడ "ఆగు, అక్కడ ఉయ్యాలో పట్టదు, ఒక మాట ఎక్కువైంది" అని తనే సరిచేసి పాడింది. తర్వాత మిగతాది తానే పాడుతూ పోయింది, నేను మాటలు అందించడమే. కౌసల్య గది చరణం అయిపోయాక పిండి చేత్తోనే కళ్లు తుడుచుకుంది. అమ్మ సరిచేసిన పాదం కథ కింద కామెంట్‌లో పెట్టాను. రాసినవాళ్లు ఎవరో గానీ పది నిమిషాల్లో మార్చేశారు.

సూర్యాపేటసుద్దులు | జనవరి 15, రాత్రి 10:50
అమ్మగారు పాడింది రికార్డ్ చేసి పెట్టొచ్చు కదా!

డిండివాగు | జనవరి 15, రాత్రి 10:52
అడిగిన. "ఫోన్ల పెడితే పాడ" అన్నది. మాటంటే మాటే ఆమెది.

గద్వాలజరీ | జనవరి 16, ఉదయం 7:20
నేను చెప్పబోయే కథ మీద కొట్లాట అవుతుందని తెలుసు, అయినా చెప్తా. దుర్యోధనుడి కొడుకు లక్ష్మణ కుమారుడి కథ.

కోరిక ఫారంలో ఇలా ఉంది: "శశిరేఖ పెళ్లి కథలో అందరూ అతన్ని వెర్రివాడిని చేస్తారు. నాకు అతను ఒక్కసారైనా సంతోషంగా కనిపించాలి." వచ్చిన కథ మాత్రం కురుక్షేత్రం పదమూడో రోజు. వ్యాసుడి దాంట్లో శశిరేఖ లేదు, ఆ పెళ్లి కథ తర్వాత మనవాళ్లు అల్లుకున్నది. కానీ లక్ష్మణుడు ఉన్నాడు. పద్మవ్యూహంలో అభిమన్యుడి చేతిలోనే చచ్చిపోతాడు. రచయిత ఈ రెంటినీ కలిపేశారు. పెళ్లిలో నవ్వులపాలైనవాడు, ఆ పెళ్లికూతురిని దక్కించుకున్నవాడి చేతిలోనే పోతాడు.

ఒకచోట ఇలా ఉంది: "ఆ రోజు పందిట్లో నన్ను చూసి నవ్వనివాడు ఒక్కడే. వాడే ఇప్పుడు ఎదురుగా విల్లు ఎక్కుపెట్టాడు." నాకు ఈసారి వచ్చినవాటిలో ఇదే ఎక్కువ నచ్చింది.

మిల్లుకాలనీ | జనవరి 16, ఉదయం 8:05
కథ గొప్పదే. కానుకగా మాత్రం కాదు. సంతోషంగా చూపించమంటే చంపేశారు. పుట్టినరోజుకు పిలిచి దశదిన కర్మ భోజనం పెడితే, వంట ఎంత రుచిగా ఉంటే మాత్రం ఏం లాభం?

గద్వాలజరీ | జనవరి 16, ఉదయం 8:30
అన్నా, అడిగింది అక్షరాలా ఇవ్వడమే కానుకా? అతన్ని వెర్రివాడిని చేయొద్దన్నది కదా అసలు బాధ. ఆ బాధకు జవాబు ఈ కథలో ఉంది. అతనికి మొదటిసారి మర్యాద దొరికింది.

ఫిజిక్స్‌సారు | జనవరి 16, ఉదయం 9:00
మారన మార్కండేయ పురాణంలోని కథను తీసుకునే కదా పెద్దన మనుచరిత్ర రాశాడు. మూలంలో లేని పొడవూ వెడల్పూ ఇచ్చాడు. ఎవరైనా "నేను అడిగింది ఇది కాదు" అన్నారా?

మిల్లుకాలనీ | జనవరి 16, ఉదయం 9:04
ప్రతి జనవరిలో ఎవరో ఒకరు పెద్దనను లాక్కొస్తారు సారూ. పెద్దన ఫారం నింపించుకొని రాయలేదు. పైగా ఆయనకు రాయలవారు ఉన్నారు, మనకు కామెంట్లు మాత్రమే.

నా మాట ఒక్కటే. ఫారంలో "సంతోషం" అని స్పష్టంగా ఉంది. విషాదం రాయాలనిపిస్తే రాసి విడిగా పెట్టుకోవచ్చు, కొసరుగా ఇవ్వొచ్చు. వారాల తరబడి ఎదురుచూసి భోగి పొద్దున తెరిచినవాళ్లకు మొదట అడిగింది దొరకాలి. పిల్లలమర్రి కథ చూడండి. అడిగింది మూడు మాటలు. ఆ మూడూ ఇచ్చి, అడగనిది ఇంకెంతో ఇచ్చారు. ఛాయ కథా అంతే. రచయిత గొప్పదనం అక్కడుంది.

కొల్లాపూర్‌మామిడి | జనవరి 16, ఉదయం 10:15
నేనూ మిల్లుకాలనీ అన్న వైపే. అయితే లక్ష్మణ కుమారుడి కథ చదివి రాత్రంతా అదే ఆలోచించాను, అది కూడా నిజమే.

పానగల్లుపిల్ల | జనవరి 16, ఉదయం 10:40
అసలు కానుక అందుకున్నవాళ్లను అడగకుండా మనమే కొట్టుకుంటున్నాం.

అమ్రాబాద్‌అడవి | జనవరి 16, మధ్యాహ్నం 12:30
అది నా కోరికే. నిన్నటి నుంచి ఏం రాయాలో తెలియక ఊరుకున్నాను.

మొదట చదివినప్పుడు కోపం వచ్చింది, దాచను. పండగ పూట ఇదేంటి అనిపించింది. మళ్లీ చదివితే డేరా ఘట్టం దగ్గర ఆగిపోయాను. యుద్ధానికి పోయే ముందు సేవకుడు కవచం పట్టీలు బిగిస్తూ "బిగువైందా దొరా" అని అడుగుతాడు. లక్ష్మణుడు "పెళ్లి నాటి పట్టుబట్టల కన్నా వదులుగానే ఉంది" అని నవ్వుతాడు. తన మీద తానే జోక్ వేసుకుంటాడు. ఇంతకాలం అతని మీద జోకులన్నీ వేరేవాళ్లే వేశారు. అక్కడ అతను నాకు నిజంగానే సంతోషంగా కనిపించాడు, రెండు వాక్యాల పాటు.

అయినా మిల్లుకాలనీ అన్న అన్నది కరెక్టే. నేను అడిగింది రెండు వాక్యాల సంతోషం కాదు. రాసినవాళ్లకు థ్యాంక్స్ చెప్పాను, మనస్ఫూర్తిగానే. వచ్చే ఏడు మళ్లీ ఇదే అడుగుతా. ఈసారి "బతికి ఉండాలి" అని కూడా రాస్తా.

మిల్లుకాలనీ | జనవరి 16, మధ్యాహ్నం 12:41
😂 అది ఫారంలో తప్పకుండా పెట్టాల్సిన షరతే.

సూర్యాపేటసుద్దులు | జనవరి 16, మధ్యాహ్నం 2:00
మధ్యలో ఇంకొకటి పడేసి పోతా. బాలనాగమ్మ కథలో ఫకీరు కోటకు పూలు కట్టిచ్చే పెద్దమ్మ ఉంటుంది కదా, బాలవర్ధిరాజు ఆమె మనవడిలా చేరతాడు. ఆమె చెప్పుకున్న కథ ఇది. మా తాత బుర్రకథలో విన్నప్పుడు ఆమెకు రెండు మాటలే ఉండేవి. ఇక్కడ ఆమెకు ఫకీరు సంగతి అంతా తెలుసు, చిలుక సంగతి కూడా తెలుసు. తెలిసీ ఇన్నేళ్లు పూలు ఎందుకు కట్టింది? "కట్టకపోతే ఇంకెవరైనా కడతారు, నా పొయ్యి ఆరుతుంది" అంటుంది. హీరోలా చేయలేదు, విలన్‌లా చేయలేదు. మధ్యలో కొంచెం సాగుతుంది, పూల పేర్ల జాబితా తగ్గించాల్సింది. దీనికి ఇప్పటిదాకా ఒక్క కామెంటే, అదీ నాదే. పోయి చదవండి.

అచ్చంపేటకొత్త | జనవరి 16, మధ్యాహ్నం 2:35
చదివాను, కామెంట్ కూడా పెట్టాను. నాకైతే పూల పేర్లే నచ్చాయి 🙈

సాగర్‌గాలి (అడ్మిన్) | జనవరి 16, సాయంత్రం 5:10
అందరికీ ఒక విషయం. కలెక్షన్‌లో ఇప్పుడే ఒక కొసరు చేరింది. అమ్రాబాద్‌అడవి పేరు మీద. ఎవరు రాశారో చెప్పను, గంటల్లో రాసినట్టున్నారు, అచ్చుతప్పులు ఉన్నాయి. లక్ష్మణ కుమారుడు పెళ్లి చెడిపోయాక దారిలో ఒక ఊళ్లో ఆగి, వేరేవాళ్ల పెళ్లిలో బంతి భోజనానికి కూర్చుంటాడు. అక్కడ అతనెవరో ఎవరికీ తెలియదు. అంతకుమించి చెప్పను. అందులో ఎవరూ చచ్చిపోరు, నేను పూర్తిగా చదివే చెప్తున్నా.

అమ్రాబాద్‌అడవి | జనవరి 16, సాయంత్రం 5:14
ఏంటీ!! ఇప్పుడే బస్సెక్కాను, మన్ననూర్ దాటితే ఘాట్‌లో సిగ్నల్ ఉండదు. లింక్ ఎవరైనా నాకు మెసేజ్ చేయండి, ముందే ఓపెన్ చేసి పెట్టుకుంటా.

మిల్లుకాలనీ | జనవరి 16, సాయంత్రం 5:15
పంపించా. మూడో పేరాలో అచ్చుతప్పులుంటే రాసినవాళ్లను ఏమనకండి, తొందరలో రాసి ఉంటారు.

గద్వాలజరీ | జనవరి 16, సాయంత్రం 5:16
మూడో పేరా అని అంత గట్టిగా ఎలా చెప్తున్నావ్ అన్నా? 🤨

సాగర్‌గాలి (అడ్మిన్) | జనవరి 16, సాయంత్రం 5:17
జరీ! 26 దాకా ఊహాగానాలు వద్దని మొదటి పోస్టులోనే చెప్పాను.